విమానం ఎందుకు కూలింది? – తొందరపడి చెప్పిన జవాబులు, తరువాత తేలిన సంగతులు



మన ట్రస్టు స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలలో కొన్నేళ్ళుగా నేనూ ఒక కుర్చీలో కూర్చుంటున్నాను. బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి కాబట్టి మార్కుల జాబితాలు, ఆదాయ ధ్రువపత్రాలు సరిచూడడం నా వంతు. ప్రశ్నలు అడగడం మిగతా పెద్దల పని. 2025 జూలైలో మాత్రం ఉండబట్టలేక ఒక ఇంజనీరింగ్ కుర్రవాణ్ణి నేనూ ఒక ప్రశ్న అడిగాను. జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం పైకి లేస్తూనే కూలిపోయి అప్పటికి నెల దాటింది. "ఎందుకు కూలిందంటావు బాబూ?" అన్నాను. కుర్రవాడు రెప్ప వేసేలోపు జవాబు చెప్పేశాడు. "నీకెలా తెలిసింది?" అంటే, "అందరూ అదే అంటున్నారు సర్" అన్నాడు.

అతను చెప్పిన జవాబు ఏమిటో ఇక్కడ వ్రాయను. అది తప్పో ఒప్పో ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు. కుర్రవాడు చురుకైనవాడే, స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. కానీ ఇంటికి వచ్చాక ఆ "అందరూ అంటున్నారు" అన్న మాట నన్ను వదలలేదు. దానికి నా కారణాలు నాకున్నాయి, అవి కొంచెం సేపట్లో చెబుతాను. అహ్మదాబాద్ సంగతి నేను ఎత్తుకోను. విచారణ పూర్తిగా ముగిసిన పాత ప్రమాదం ఒకటి చెబుతాను. అది పైకి లేస్తున్నప్పుడు కాదు, దిగుతున్నప్పుడు జరిగినది.

2008 జనవరి 17 మధ్యాహ్నం, లండన్ హీత్రూ విమానాశ్రయం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి 38వ నంబరు విమానం చైనాలోని బీజింగ్ నుంచి దాదాపు పదకొండు గంటలు ప్రయాణించి వచ్చి దిగబోతోంది. బోయింగ్ 777 రకం, రెండు ఇంజన్లు. లోపల ప్రయాణికులు 136 మంది, సిబ్బంది 16 మంది. నేల ఇంకా 700 అడుగుల చిల్లర ఉందనగా, వేగం తగ్గకుండా ఇంజన్లకు కొంచెం ఎక్కువ శక్తి కావలసి వచ్చింది. విమానంలోని యంత్రాంగం అడిగింది, ఇంజన్లు ఇవ్వలేదు. ముందు కుడి ఇంజన్, ఏడు సెకన్ల తరువాత ఎడమ ఇంజన్, రెండూ బలం కోల్పోయాయి. ఆగిపోలేదు, తిరుగుతూనే ఉన్నాయి, కానీ అడిగిన శక్తి రావడం లేదు. పైలట్లు మీటలు పూర్తిగా ముందుకు తోసినా అంతే. నిమిషం లోపలే విమానం రన్‌వే మొదటికి సుమారు 330 మీటర్ల ఇవతల పచ్చిక మీద పడి, చక్రాలు ఊడి, జారుకుంటూ పోయి రన్‌వే అంచున ఆగింది. నిప్పు అంటుకోలేదు. ఒకరికి కాలు విరిగింది, మరికొందరికి గాయాలయ్యాయి, ప్రాణాలు మాత్రం అందరివీ దక్కాయి.

ఆ రకం విమానాలు 1995 నుంచి ఎగురుతున్నాయి. ప్రమాదంలో ఒక్కటైనా పూర్తిగా పాడైపోవడం అదే మొదటిసారి. అందువల్ల ప్రపంచమంతా చెవులు నిక్కించింది. జవాబులు మొదలయ్యాయి.

ఇంధనం అయిపోయి ఉంటుందన్నారు. చైనాలో కల్తీ ఇంధనం పోసి ఉంటారన్నారు. పక్షులు ఇంజన్లలోకి పోయాయన్నారు. కంప్యూటర్ తప్పు చేసిందన్నారు. అన్నిటికంటె రుచిగా ఉన్నది మరొకటి. ఆ సమయానికి బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ చైనా ప్రయాణం కోసం అదే విమానాశ్రయానికి వచ్చి ఉన్నారు. ఆయన వాహనశ్రేణిలో బాంబులను అడ్డుకోవడానికి రేడియో తరంగాలను స్తంభింపజేసే పరికరం ఉంటుందట, దానివల్లే ఇంజన్లు మొరాయించాయట! ప్రధాని, రహస్య పరికరం, చైనా ప్రయాణం – సినిమాకు కావలసినవన్నీ ఉన్నాయి. ఇక పైలట్ల మాట సరేసరి. కెప్టెన్ చేతులు కాళ్ళు ఆడక కొయ్యబారిపోయాడనీ, పక్కనున్న సహపైలట్టే విమానాన్ని దించాడనీ గుసగుసలు బయలుదేరాయి.

బ్రిటన్‌లో విమాన ప్రమాదాలను విచారించడానికి ప్రత్యేక శాఖ ఒకటి ఉంది. వాళ్ళు ఏం చేశారో చూడండి. ముందు ట్యాంకులు చూశారు. పది టన్నులకు పైగా ఇంధనం మిగిలే ఉంది. కాబట్టి మొదటి జవాబు పోయింది. ఆ ఇంధనాన్ని పరీక్షించారు, నాణ్యత నిబంధనల ప్రకారమే ఉంది. రెండోదీ పోయింది. ఇంజన్లలో పక్షుల ఆనవాళ్ళు లేవు. బయటి తరంగాలు ఏమైనా చేశాయనడానికి సాక్ష్యం లేదు. కంప్యూటర్ ఇంధనం కోసం సరిగ్గానే అడిగింది, ఇంధన కవాటాలు తెరుచుకోమన్నప్పుడు తెరుచుకున్నాయి. ఒకటొకటిగా అన్నీ కొట్టివేశాక చేతిలో మిగిలిన ఆనవాలు ఒక్కటే. రెండు ఇంజన్లలోని అధిక పీడనపు ఇంధన పంపుల లోపల లోహం మీద తాజాగా గీరుకున్నట్టు మచ్చలున్నాయి. పంపు తోడుతోంది, ఇంధనం చాలినంత రావడం లేదు అన్నప్పుడు పడే మచ్చలవి. అంటే ట్యాంకుకీ పంపుకీ మధ్య దారిలో ఏదో అడ్డుపడింది. కానీ గొట్టాలు విప్పి చూస్తే శుభ్రంగా ఉన్నాయి. అడ్డుపడినది ఏదీ లేదు!

ఇక్కడ విద్యార్థులు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. అడ్డుపడి, పని కాగానే ఆనవాలు లేకుండా మాయమైపోయే వస్తువు ఏది?

మంచు.

ఆ రోజు విమానం ఉత్తరాన చాలా చల్లని గాలిలోంచి వచ్చింది. బయట మైనస్ 74 డిగ్రీల దాకా పడిపోయింది, ట్యాంకులోని ఇంధనం మైనస్ 34 దాకా చల్లబడింది. ఆ ఇంధనం గడ్డకట్టేది మైనస్ 57 దగ్గర కాబట్టి ఇంధనానికి ఏమీ కాలేదు. కానీ ఏ విమాన ఇంధనంలోనైనా కొద్దిపాటి నీరు కలిసే ఉంటుంది. డెబ్భై టన్నులకు పైబడిన ఇంధనంలో మహా ఉంటే 5 లీటర్ల నీరు ఉండి ఉంటుందని లెక్కగట్టారు, అంటే మన ఇళ్ళల్లో ఒక చిన్న బిందెకు కూడా చాలదు. నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. ఆ నీరు సన్నని మంచు పలుకులై, గంటల తరబడి ఇంధన గొట్టాల లోపలి గోడలకు అంటుకుంటూ వచ్చింది. ప్రయాణమంతా విమానం నెమ్మదిగా, పొదుపుగా వచ్చింది కాబట్టి గొట్టాలలో ప్రవాహం మెల్లగానే ఉంది, మంచు కదలలేదు. దిగేముందు ఇంజన్లు ఎక్కువ ఇంధనం అడిగేసరికి ప్రవాహం పెరిగి, ఆ మంచంతా ఒక్కసారిగా ఊడి కొట్టుకుపోయింది.

ఎక్కడికి పోయింది? ఇంజన్ దగ్గర ఒక పరికరం ఉంటుంది. వేడెక్కిన ఇంజన్ ఆయిల్‌నీ చల్లని ఇంధనాన్నీ పక్కపక్కన పారించి, దాని వేడి దీనికి ఇప్పిస్తుంది. ఆయిల్ చల్లబడుతుంది, ఇంధనం వెచ్చబడుతుంది. మంచి ఏర్పాటే. అందులో వెయ్యికి పైగా సన్నని గొట్టాలు ఉంటాయి, ఇంధనం వాటి నోళ్ళలోంచి దూరి పోవాలి. ఆ ఇంజన్‌లో గొట్టాల మూతులు పలక మీదికి కొన్ని మిల్లీమీటర్లు పొడుచుకుని ఉండేవి. కొట్టుకువచ్చిన మంచు వాటి మధ్య, టీ వడపోసే జల్లెడ మీద ఆకు పేరుకున్నట్టు, పేరుకుపోయింది. దారి మూసుకుంది. విమానం నేల మీద ఆగాక ఆ మంచు కరిగి ఇంధనంలో కలిసిపోయింది. సాక్షి వెళ్ళిపోయాడన్న మాట.

ఈ సంగతి ఒక్క రోజులో తేలలేదు. అటువంటి విమానాల వేలకొద్దీ ప్రయాణాల వివరాలు తెప్పించి, ఈ ప్రయాణంలో వేరుగా ఉన్నది ఏమిటని పోల్చి చూశారు. అమెరికాలో బోయింగ్ వారి పరీక్షశాలలో అదే గొట్టాలు అమర్చి, చల్లటి ఇంధనంలో నీరు కలిపి పారించి, మంచు ఎలా అంటుకుంటుందో, ఎలా ఊడుతుందో చూశారు. ఈ పని నడుస్తూండగానే, 2008 నవంబర్ 26న, షాంఘై నుంచి అట్లాంటా వెళ్తున్న డెల్టా వారి 777 విమానంలో అదే రకం ఇంజన్ ఒకటి ఆకాశంలో బలం కోల్పోయింది. అది సురక్షితంగా దిగింది, దాని వివరాలు విచారణకు బాగా ఉపయోగపడ్డాయి. తుది నివేదిక 2010 ఫిబ్రవరిలో వచ్చింది. రెండేళ్ళు దాటింది. అంత చేసి కూడా వాళ్ళు మంచును కళ్ళారా చూశామని వ్రాయలేదు, అలా జరిగి ఉండడానికే అవకాశం ఎక్కువ అని వ్రాశారు. తరువాత ఆ పరికరాన్ని, మూతులు పైకి పొడుచుకురాకుండా మార్చి తయారుచేశారు. లోపం దిద్దడం ఈ విచారణల పని. ఇలాంటి విచారణ ఎవరినో నేరస్థులను చేయడానికి కాదనీ, మళ్ళీ జరగకుండా చూడడానికనీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలలో స్పష్టంగా ఉంది.

ఇక కెప్టెన్ సంగతి. ఆయన పేరు పీటర్ బర్కిల్. ముందే నిర్ణయించుకున్న ప్రకారం ఆ రోజు దించే పని సహపైలట్ జాన్ కవర్డ్‌ది. ఇంజన్లు మొరాయించాక, నేల ఇంకా 240 అడుగులుండగా, బర్కిల్ రెక్కల వెనుక ఉండే ఫ్లాప్‌లను 30 నుంచి 25కి తగ్గించారు. దానివల్ల గాలి ఒరిపిడి తగ్గి విమానం దాదాపు 50 మీటర్లు ముందుకు వెళ్ళగలిగింది. లేకపోతే రన్‌వేకి ముందున్న యాంటెన్నాల వరుసను ఢీకొనేదని నివేదిక చెప్పింది. కొయ్యబారిపోయాడని ఎవరి గురించి చెప్పుకున్నారో, ఆ మనిషే చేసిన పని ఇది. కానీ నివేదిక వచ్చేసరికి ఆయన ఆ ఉద్యోగం వదిలేసి కొన్ని నెలలైంది. వేరే చోట్ల పని దొరకలేదు. 2010లో మళ్ళీ పాత సంస్థలోనే చేరారు.

గుసగుసలు తన తోటివాళ్ళలోనే నడిచాయని బర్కిల్ తరువాత చెప్పుకున్నారు. అది చదివినప్పుడు నాకు 1986 గుర్తుకు వచ్చింది.

అప్పుడు నేను కర్ణాటకలోనే ఒక జిల్లా పట్టణంలో బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తున్నాను. చేత్తో వ్రాసే లెడ్జర్ల కాలం. సేవింగ్స్ ఖాతాల బ్యాలెన్సులన్నీ కూడి, జనరల్ లెడ్జర్‌తో నెలనెలా టాలీ చేసేవాళ్ళం. ఒక నెల 3,600 రూపాయలు తేడా వచ్చింది. ఎవరి ఖాతాలోనో అంత ఎక్కువ ఉన్నట్టు లెక్క. ఆ లెడ్జర్ చూసే గుమాస్తాకు ఇంట్లో అప్పులున్నాయని అందరికీ తెలుసు. తనవాళ్ళెవరి ఖాతాలోనో వేసుకుని ఉంటాడని మాటలు మొదలయ్యాయి. పైకి ఎవరూ అనలేదు. టీ కొట్టు దగ్గర అందరూ అన్నారు, నేనూ అన్నాను. మరుసటి నెల టాలీ కాలేదు, ఆ మరుసటి నెలా కాలేదు.

కామర్స్ చదివే పిల్లలకు ఒక కిటుకు తెలిసే ఉంటుంది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే, ఎక్కడో రెండు అంకెలు తారుమారైనట్టు మొదట అనుమానించాలి. 3,600ని తొమ్మిదితో భాగిస్తే 400. బ్రాంచిలో ఉన్న మాకందరికీ ఆ కిటుకు కంఠస్థం. అయినా ఎవ్వరం ఆ దారిన వెతకలేదు. మనిషి దొరికాడు కదా, ఇంక అంకె ఎందుకు?

నాలుగో నెలలో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు ఒకాయన పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టి పట్టుకున్నారు. పేజీ నిండి కొత్త పేజీకి బ్యాలెన్సు ఎత్తి వ్రాసేటప్పుడు 3,700 బదులు 7,300 అని పడింది. దస్తూరి నాది. ఆ గుమాస్తా రెండు రోజులు సెలవు పెట్టినప్పుడు ఆ లెడ్జర్ చూసింది నేనే. ఎర్ర సిరాతో దిద్దుబాటు చేసి సంతకం పెట్టాను, అయిదు నిమిషాల పని. ఆయన అప్పటికే బదిలీ అడిగి పెట్టుకున్నారు, ఆ నెలలోనే వెళ్ళిపోయారు. ఆ నాలుగు నెలలూ ఆయన మాతో టీకి రావడం మానేశారని నాకు తరువాతగానీ తోచలేదు.

సరే, ఇంతవరకు చదివి, "అయితే మనిషి ఎప్పుడూ నిర్దోషే, తప్పంతా యంత్రానిదే" అనుకుంటే అదీ పొరపాటే. దానికి మన బెంగుళూరులోనే నిదర్శనం ఉంది. ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

1990 ఫిబ్రవరి 14, బుధవారం. అప్పటికి నేను బెంగుళూరుకు వచ్చేశాను. మధ్యాహ్నం కౌంటర్లు మూసే వేళకు వార్త వచ్చింది. బొంబాయి నుంచి వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ 320 విమానం హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయానికి కొంచెం ఇవతల, గోల్ఫ్ మైదానంలో పడింది. 146 మందిలో 92 మంది చనిపోయారు, పైలట్లిద్దరూ కూడా. వాతావరణం బాగుంది. విమానం కొని రెండు నెలలే. ఆ రకం విమానాలలో కంప్యూటర్ల పాత్ర ఎక్కువని అప్పుడు కొత్తగా చెప్పుకునేవారు. పైగా 1988లో ఫ్రాన్స్‌లో అదే రకం విమానం ప్రదర్శనలో అడవిలో పడింది. ఇంకేం, "కంప్యూటర్ మోసం చేసింది" అని క్యాంటీన్లలో తీర్పు అయిపోయింది. అప్పుడప్పుడే బ్యాంకులలో కంప్యూటర్లు వస్తున్న రోజులు, మా యూనియన్ వాళ్ళకు ఆ మాట ఇంకా బాగా నచ్చింది! ప్రభుత్వం కూడా ఆ విమానాలను కొన్ని నెలలపాటు ఎగరనివ్వలేదు.

కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి కె. శివశంకర భట్ గారి అధ్వర్యంలో విచారణ జరిగింది. తేలిన సంగతి వేరు. కాక్‌పిట్‌లో పక్కపక్కన రెండు గుబ్బలు ఉంటాయి. ఒకటి నిమిషానికి ఎన్ని అడుగుల చొప్పున దిగాలో చెప్పడానికి, రెండోది ఎంత ఎత్తు దాకా దిగాలో చెప్పడానికి. నిమిషానికి 700 అడుగులు అని పెట్టబోయి, 700 అడుగుల ఎత్తు అని పెట్టి ఉంటారని కమిషన్ భావించింది. బెంగుళూరే సముద్రమట్టానికి దాదాపు 2,900 అడుగుల ఎత్తున ఉంది, ఇక 700 అంటే నేల లోపలికన్న మాట! ఆ ఆదేశంతో ఇంజన్లు కనిష్ఠ శక్తికి తగ్గి అక్కడే ఉండిపోయాయి. ఉండవలసిన వేగం కంటె విమానం బాగా నెమ్మదించింది. నాలుగు వందలు, మూడు వందలు, రెండు వందలు అని యంత్రం ఎత్తు చదువుతున్నా మీటలు ముందుకు తోయడంలో పైలట్లు ఆలస్యం చేశారని కమిషన్ నిర్ణయించింది. అంకె సరిగ్గానే ఉంది, పడింది మాత్రం వేరే కాలంలో. ఇటువంటిది చదివితే గుమాస్తా పని చేసిన ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఆ రెండు గుబ్బలూ అంత దగ్గరగా ఎందుకున్నాయన్న ప్రశ్న కూడా ఆ నివేదిక చదివినవాళ్ళకే వస్తుంది, "పైలట్ తప్పు" అని రెండు మాటలలో ముగించేవాళ్ళకు రాదు.

మంగళూరు ప్రమాదం మీలో చాలామందికి తెలుసు. 2010 మే 22, 158 మంది పోయారు. "కొండ మీద రన్‌వే, అందుకే" అన్నారు అందరూ. కొండ మీద రన్‌వే నిజమే. కానీ విమానం రన్‌వేలో సగం దాటాక గానీ నేలను తాకలేదు, అంతకు ముందే సహపైలట్ దిగవద్దు, మళ్ళీ పైకి లేద్దాం అని చెప్పారు. నిజమైన విషయం ఒకటి చెప్పి, దాన్నే కారణం అనడం తరచు జరుగుతుంది. పరీక్ష పేపర్లలోనూ చూస్తుంటాం.

లండన్ ప్రమాద నివేదికను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఇంటర్వ్యూ అయ్యాక మన కుర్రవాడికి ఆ సంగతి చెప్పి పంపాను. చదువుతాడని నేను పెద్దగా అనుకోలేదు. దీపావళి దాటాక ఫోన్ చేశాడు. నమస్కారాలూ అవీ ఏమీ లేవు, నేరుగా ప్రశ్నే. "సర్, డెల్టా విమానంలో పైలట్లు శక్తి తగ్గిస్తే ఇంజన్ మళ్ళీ మామూలైంది కదా, మరి లండన్‌లో మీటలు ముందుకు తోసే బదులు వెనక్కి లాగి ఉంటే మంచు కరిగేదా?"

నేను కామర్స్ వాణ్ణి, అయినా నాకు తెలిసినంత చెప్పాను. శక్తి తగ్గిస్తే ఇంధన ప్రవాహం తగ్గుతుంది, వేడి ఆయిల్‌కు మంచును కరిగించే వ్యవధి దొరుకుతుంది, డెల్టాలో పనిచేసింది అదే. కానీ డెల్టా విమానం చాలా ఎత్తున ఎగురుతోంది, కిందికి దిగుతూ ఆగి చూసుకునేంత ఆకాశం దాని కింద ఉంది. లండన్‌లో ఉన్నది 700 అడుగులు. పైగా మంచు అన్న మాటే ఆ రోజుకు ఎవరికీ తెలియదు.

కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, పరీక్షశాలలో మంచు ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎక్కువ జిగటగా ఉంటుందో ఆ భాగం మళ్ళీ చదివి చెబుతానని ఫోన్ పెట్టేశాడు.